జస్టిస్‌లో బాస్ గిటార్ వినపడకపోవడం లోపమా? నేను కాదంటాను

టేప్‌రికార్డర్_బాబాయ్:
ఎనభైల మెటల్ సంగీతం గురించి ఎక్కడ మాట మొదలైనా, మెటాలికా బ్యాండ్ 1988 ఆల్బమ్ '...అండ్ జస్టిస్ ఫర్ ఆల్' దగ్గరికొచ్చేసరికి అందరిదీ ఒకటే గోల. పాటలు బాగున్నాయి, బాస్ గిటారే వినపడదు, చేజేతులా పాడు చేసుకున్నారు అని. ఈ మధ్య ఎవరో అభిమానులు బాస్ పెంచి నెట్‌లో పెట్టిన రూపం విన్నాను. రెండు పాటలు విని ఆపేశాను. బాగాలేక కాదు, అది నాకు తెలిసిన ఆల్బమ్ కాదు.

ఆ ఎండిపోయిన శబ్దమే నాకు జస్టిస్. గిటార్లు రంపంలా కోస్తుంటాయి, కిక్ డ్రమ్ టైప్‌రైటర్ మీట కొట్టినట్టు టకటకమంటుంది, కింద ఏమీ ఉండదు. 'వన్' పాటే తీసుకోండి. కాళ్లూ చేతులూ పోయి, చూపూ వినికిడీ మాటా పోయి, ఆసుపత్రి మంచం మీద పడి ఉన్న సైనికుడి కథ. ఆ మనిషి కింద వెచ్చగా బాస్ మోగితే ఎలా ఉంటుంది చెప్పండి? దీనికి ముందు వాళ్లే చేసిన ఆల్బమ్ 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' గొప్పదే. అయినా నా లెక్కలో జస్టిస్ దానికంటే ఒక మెట్టు పైన. తిట్టేవాళ్లు క్యూలో రండి.

నాలుగు_తీగలు:
క్యూలో మొదట నేనే బాబాయ్. బాస్ వాయించేవాణ్ణి, నాకు మండకపోతే ఎవరికి మండుతుంది?

1986 సెప్టెంబర్ 27న స్వీడన్‌లో టూర్ బస్సు బోల్తాపడి, 'మాస్టర్'లో బాస్ వాయించిన క్లిఫ్ బర్టన్ పోయాడు. నెల తిరిగేసరికి అతని చోట్లో జేసన్ న్యూస్టెడ్‌ని తెచ్చుకున్నారు. ఫ్లాట్సమ్ అండ్ జెట్సమ్ అనే బ్యాండ్‌లో పాటలు రాస్తూ ముందుండి నడిపించినవాడు. ఇక్కడికొచ్చాక కొత్త కోడలికి కూర్చోడానికి పీట కూడా వెయ్యలేదు. జస్టిస్ మొదటి పాట 'బ్లాకెండ్' రాసిన ముగ్గురిలో అతనొకడు. తన పేరున్న పాటలోనే అతని వాయిద్యం వినపడదు! ఆల్బమ్‌ని మిక్స్ చేసిన, అంటే ఏ వాయిద్యం ఎంత వినపడాలో సర్దిన స్టీవ్ థామ్సన్ ఇంటర్వ్యూల్లో చెప్పాడు కదా, బాస్‌ని వినీ వినపడనంతగా తగ్గించాక కూడా ఇంకా తగ్గించమన్నది డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ అని. దాన్ని మీరు కళ అంటున్నారు. నేను కక్ష అంటాను. పోనీ, దుఃఖం అనండి. పోయినవాడి చోట్లో ఇంకొకడి చప్పుడు వినలేకపోయారేమో.

ఒకసారి కాలేజీ ఫెస్ట్‌లో మూడు పాటలు వాయించాక చూసుకుంటే నా కేబుల్ అసలు పెట్టనే లేదు. ఒక్కరూ గమనించలేదు, మా సింగర్‌తో సహా. ఆ రోజు నుంచీ జేసన్ నా మనిషి.

29నిమిషాలు:
65 నిమిషాల ఆల్బమ్‌లో బాస్ లేదని ఏడుస్తున్నారు గానీ, కత్తెర లేదని ఎవరూ ఏడవరేం? స్లేయర్ బ్యాండ్ ఆల్బమ్ 'రెయిన్ ఇన్ బ్లడ్', 1986. పది పాటలు, సుమారు 29 నిమిషాలు. నమస్తే.

మిక్సింగ్_మేస్త్రి:
స్టూడియోలో పని చేస్తాను కాబట్టి ఒక మాట. లార్స్ ఒక్కడి మీదే తోసేస్తే సరిపోదు.

రికార్డింగ్ లాస్ ఏంజెలస్‌లో జరిగింది, 'మాస్టర్' చేసిన ప్రొడ్యూసర్ ఫ్లెమింగ్ రాస్ముసెన్‌తోనే. మిక్సింగ్ మాత్రం న్యూయార్క్ రాష్ట్రంలో థామ్సన్, మైఖేల్ బార్బియెరో చేశారు. అదే సమయంలో మెటాలికా, వాన్ హేలెన్ అనే ఇంకో బ్యాండ్‌తో స్టేడియం టూర్‌లో ఉంది. షోకీ షోకీ మధ్య విమానంలో వచ్చి మిక్స్ విని పోయేవాళ్లు. అప్పటికి మా చెవులు పనిచేసే స్థితిలో లేవని వాళ్ల సింగర్ జేమ్స్ హెట్‌ఫీల్డే చెప్పాడు. అలిసిన చెవికి ముందు పోయేది కీచు శబ్దాలే. అవి వినపడక ఇంకా పెంచుతాం.

రెండోది, జేసన్ పిక్‌తో (తీగలు మీటే చిన్న బిళ్లతో) వాయిస్తూ రిథమ్ గిటార్‌ని నోటుకి నోటు అనుసరించాడు. ఆ గిటార్ల టోన్‌లో మధ్య స్థాయి శబ్దాలు తీసేసి అడుగు స్థాయివి పెంచారు. అంటే బస్సు ఆగకముందే గిటార్ కిటికీలోంచి బాస్ సీటు మీద కర్చీఫ్ వేసేసింది. బర్టన్ అలా కాదు, వేళ్లతో వాయిస్తూ తన దారిన తను వేరే రాగం నడిపేవాడు. అందుకే వినపడేవాడు.

2018లో రీమాస్టర్ వచ్చినా బాస్ పెరగలేదని తిట్టుకున్నారు చాలామంది. రీమాస్టర్ అంటే కాగిన పులుసుని మళ్లీ వేడి చెయ్యడం. అందులో ముక్కలు ఎక్కువ తక్కువ చెయ్యాలంటే మొదటినుంచి మళ్లీ కాచాలి, అంటే రీమిక్స్ చెయ్యాలి.

ఎడ్డీ_అభిమాని:
ఇంత గొడవ దేనికి? బాస్ కావాలంటే ఐరన్ మెయిడెన్ బ్యాండ్ ఆల్బమ్ 'పవర్‌స్లేవ్' పెట్టుకోండి, 1984. బ్యాండ్ పెట్టిన స్టీవ్ హారిసే బాస్ వాయిస్తుంటే తగ్గించమనే దమ్ము ఎవరికుంది? 2007 మార్చిలో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాళ్ల కచేరీ విన్నాను. హైదరాబాద్ నుంచి రాత్రి బస్సులో పోయాం. బాస్ చెవుల్లో కాదు, పక్కటెముకల్లో వినపడింది.

29 నిమిషాల తమ్ముడూ, పొడవు తప్పు కాదు. పవర్‌స్లేవ్ ఆఖరి పాట ఒక్కటే 13 నిమిషాలు దాటుతుంది, ఓడ ఎక్కించి ఎక్కడెక్కడో తిప్పుకొస్తుంది. జస్టిస్ టైటిల్ పాట దాదాపు పది నిమిషాలు ఒకే సందులో తిరుగుతుంది. కచేరీల్లో ముందు వరసవాళ్ల ఆవలింతలు చూడలేకపోయామని మెటాలికా గిటారిస్ట్ కర్క్ హామెట్టే ఒప్పుకున్నాడు.

టేప్‌రికార్డర్_బాబాయ్:
ఆ టైటిల్ పాట సాగుతుంది, ఒప్పుకున్నాను. జేసన్‌కి అన్యాయం జరిగిందనీ ఒప్పుకున్నాను. అయినా ఆ శబ్దం మీద నా ఇష్టం పోవట్లేదు, ఏం చెయ్యను?

నాకీ ఆల్బమ్ 1991లో హాస్టల్‌లో దొరికింది. రూమ్మేట్ వాళ్ల అన్నయ్య దగ్గర్నుంచి సి-60 కేసెట్ మీద కాపీ కొట్టుకున్నాను. వైపుకి అరగంట టేపు. మొదటి వైపు సరిగ్గా 'వన్' దగ్గర అయిపోయింది. రెండో వైపు నాలుగు పాటలకే నిండింది. ఆ నాలుగోది 'టు లివ్ ఈజ్ టు డై', క్లిఫ్ వదిలిపోయిన రిఫ్‌లతో (చిన్న చిన్న వాయిద్య ముక్కలతో) అల్లింది. అది ముగిసీ ముగియగానే బటన్ టక్కున పైకి లేచేది. ఆల్బమ్ ఆ చావు పాటతోనే అయిపోతుందని మూడేళ్లు నమ్మాను. తర్వాత సీడీ కొంటే వెనకాల 'డయర్స్ ఈవ్' తుపాకీ పేలినట్టు మొదలైంది. గదిలో ఒక్కణ్ణే, ఉలిక్కిపడి లేచాను. ఇప్పటికీ ఆ పాట నాకు పరాయి పాటే.

నాలుగు_తీగలు:
బాబాయ్, ఒక్క ప్రశ్న. ఆ టేప్‌రికార్డర్‌కి స్పీకర్లు ఎన్ని?

టేప్‌రికార్డర్_బాబాయ్:
ఒకటే. అరచేతంత.

నాలుగు_తీగలు:
అందులో ఇళయరాజా పాటల్లో బాస్ కూడా వినపడి ఉండదు! 'మాస్టర్' కూడా దాంట్లోనే విన్నారా?

టేప్‌రికార్డర్_బాబాయ్:
...దాంట్లోనే. ఆ కేసెట్ అరిగిపోయాక మళ్లీ కొన్లేదు, ఇంట్లో సీడీ కూడా జస్టిస్‌దే ఉంది.

మిక్సింగ్_మేస్త్రి:
అయ్యో. అంటే ముప్ఫై ఏళ్లుగా క్లిఫ్‌ని వినకుండానే ర్యాంకు ఇచ్చారన్నమాట.

టేప్‌రికార్డర్_బాబాయ్:
మా అమ్మాయి హెడ్‌ఫోన్స్ అడిగి తీసుకున్నాను. 'మాస్టర్'లోని 'ఓరియన్' పెట్టాను. మధ్యలో అన్నీ సద్దుమణిగి బాస్ ఒక్కటే మొదలయ్యే చోటు వచ్చింది. ఇంత ఉందా ఇక్కడ! ఆగండి, వెనక్కి తిప్పి మళ్లీ వింటాను. ర్యాంకు మాత్రం ఇవాళే మార్చను.