ఇల్లో స్థలమో కొనేటప్పుడు లెక్కలు ఎంతవరకు పనికొస్తాయి?

అద్దెజీవి:
మియాపూర్‌లో 90 లక్షల రెడీ ఫ్లాట్ చూశాం. చేతిలో 20 లక్షలున్నాయి. మిగతా 70 లక్షలు లోన్. ఎనిమిదిన్నర శాతం వడ్డీ, 20 ఏళ్లు అంటే ఈఎంఐ దాదాపు 60,750. తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతం, అంటే 6.75 లక్షలు. అద్దెకిస్తే 24 వేలు వస్తాయట. కాగితం మీద చూస్తే టెన్షన్ వస్తోంది. మా మామయ్యేమో "లెక్కలేసుకుంటూ కూర్చుంటే కొన్నట్టే" అంటున్నారు. ఆయన 2005లో గజం 2 వేలకు కొన్న స్థలాన్ని 2025లో 40 వేలకు అమ్మారు మరి. మీరేమంటారు?

తుళ్లూరు ప్లాటు:
మీ మామయ్యదే కరెక్ట్. లెక్కేసి కొని ఇరుక్కున్నవాణ్ణి నేను. అమరావతి శంకుస్థాపన అయిన మరుసటి ఏడాది, 2016లో కొన్నా. ఏడాదికి 15 శాతం పెరుగుతుందని ఎక్సెల్‌లో వేసుకున్నా. 2019 డిసెంబర్‌లో అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వచ్చింది. ఇక 2024లో ప్రభుత్వం మారేదాకా నా ప్లాటు అడిగినవాడు లేడు. ముఖ్యమంత్రి ప్రకటనకు ఎక్సెల్‌లో ఏ గడి పెట్టాలో చెప్పండి.

లెక్కల మాస్టారు:
ఆ 15 ఎక్కడి నుంచి వచ్చిందండీ? బ్రోకర్ నోటి నుంచేగా! గడిలో పెట్టేసరికి లెక్కలా కనబడింది.

మామయ్యగారి సంగతీ చూద్దాం. 20 ఏళ్లలో 20 రెట్లు అంటే గుండె ఝల్లుమంటుంది. చక్రవడ్డీ కడితే ఏడాదికి 16 శాతం చిల్లర. మన ఊళ్ల భాషలో నెలకు నూటికి రూపాయి ముప్పై అయిదు పైసలు. మంచిదే, కానీ అద్భుతం కాదు. పైగా అమ్ముడుపోని స్థలాల గురించి ఏ మామయ్యా పెళ్లి భోజనాల దగ్గర చెప్పరు.

అద్దెజీవి గారూ, నేనైతే ధర ఎంత పెరుగుతుందనే గడి ఖాళీగా వదిలేస్తా. అద్దె పోను నెలకు 36,750 మీ జేబులోంచి పోవాలి. ఇల్లు ఖాళీగా ఉన్న నెల మొత్తం ఈఎంఐ మీదే. ఆర్నెల్లు జీతం ఆగితే? 20 లక్షలు బిల్డర్‌కే సరి. మరి రిజిస్ట్రేషన్‌కు 6.75 లక్షలు ఎక్కడివి? పర్సనల్ లోనా?

తుళ్లూరు ప్లాటు:
ఇది ఒప్పుకోవాలి. నేను సొంత డబ్బుతో కొన్నా కాబట్టి ఓపిక పట్టగలిగా. పక్క ప్లాటు ఆయన రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కొన్నారు. అయిదేళ్లకు వడ్డీయే అసలును దాటేసింది. 2021లో సగం ధరకు తెగనమ్ముకున్నారు. అదే వీధి, అదే గజం రేటు.

అద్దెజీవి:
ఆ 6.75 లక్షలు సర్దుతారా అని మామయ్యనే అడిగా. "ముందు లెక్క చూసుకోవాలిరా" అన్నారు.