నడకతో బరువు తగ్గడం ఆగిపోయింది, బరువులు ఎత్తడం మొదలుపెట్టాలా?

తుంగభద్ర_గట్టు (కర్నూలు)
నాకు 41 ఏళ్లు, టీచర్‌ని. సంక్రాంతి తర్వాత అవుట్‌డోర్ స్టేడియంలో రోజూ 50 నిమిషాల నడక మొదలుపెట్టాను. 78 కిలోల నుంచి 71కి వచ్చాను. ఏడు వారాలుగా ముల్లు కదలడం లేదు. నడక మానలేదు, రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టె తింటున్నాను. చేతులు, తొడలు మెత్తగా వేలాడుతున్నాయి. స్కూల్లో రెండో అంతస్తు ఎక్కేసరికి కాళ్లు వణుకుతున్నాయి, 78 ఉన్నప్పుడు కూడా ఇలా లేదు. బరువులు ఎత్తమని చెల్లెలు అంటోంది. జిమ్‌కి వెళ్లాలా, ఇంట్లో సరిపోతుందా? నడకకు ముందా, తర్వాతా? వారానికి ఎన్ని రోజులు? బస్కీలు తీస్తే కుడి మోకాలు టక్కుమంటుంది, దానికేం చేయాలి? మొదలుపెట్టిన ఆడవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

బురుజు_వాకర్ (కర్నూలు)
అమ్మా, ఏడు వారాలకే నడక మీద నమ్మకం పోగొట్టుకోవద్దు. నాకు 63. రిటైరయ్యేనాటికి 88 కిలోలు, పైగా షుగర్. తెల్లవారుజామున ఐదింటికి కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల వీధులన్నీ తిరుగుతాను. ఏడాదిన్నరలో 79కి వచ్చాను. మధ్యలో మూడు నెలలు నాకూ ఆగింది, మళ్లీ దానంతటదే కదిలింది. ఈ వయసులో ఇనుము ఎత్తి నడుము పట్టించుకోవడం ఎందుకు? ఆడవాళ్ల చేతులు మగవాళ్లలా తయారవుతాయని కూడా అంటారు. ఉగ్గాని, బజ్జీ ఒక నెల మానేసి చూడమ్మా.

కడప_డాబా (కడప)
సార్, మీ షుగర్ అదుపులోకి వచ్చినందుకు సంతోషం. కానీ "మగవాళ్లలా" అన్న మాట దయచేసి వెనక్కి తీసుకోండి. ఆ ఒక్క మాట విని నేను మూడేళ్లు ఆగిపోయాను. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి రెండు ఎత్తుడ్లూ కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెస్తే వీధి వీధీ చప్పట్లు కొట్టింది. మన ఇంట్లో ఆడపిల్ల రెండు కిలోల డంబెల్ పట్టుకుంటే మాత్రం అందరికీ భయమే. మగవాళ్లకు కండ ఉబ్బించే హార్మోను మనలో చాలా తక్కువ. ఊరికే ఉబ్బిపోతే ఆ ఆటగాళ్లంతా ఏళ్ల తరబడి అంత కష్టం ఎందుకు పడతారు?

అక్కా, నేను డాబా మీద మొదలుపెట్టాను. ఒక చాప, రెండు ఐదు లీటర్ల నీళ్ల క్యాన్లు, పది కిలోల బియ్యం సంచి. అంతే. మొదటి మూడు వారాల్లో నా బరువు 1.4 కిలోలు పెరిగింది. మెషిన్ మీద నిలబడి ఏడ్చాను. తర్వాత తెలిసింది, అది కొవ్వు కాదని. కొత్తగా పనిపడిన కండ నీళ్లు పట్టుకుంటుంది. ఆ రోజే ఎనభై రూపాయలు పెట్టి దర్జీ టేపు కొన్నాను. నాలుగు నెలలకు బరువు తగ్గింది మూడు కిలోలే, నడుము మాత్రం 9 సెంటీమీటర్లు తగ్గింది. పోయిన నెల నిండు గ్యాస్ సిలిండర్ నేనే పై అంతస్తుకు మోశాను. గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపి దగ్గర దగ్గర ముప్పై. మా ఆయన మెట్ల కింద నిలబడి చూస్తూ ఉండిపోయారు. నాకు అంతకంటే పెద్ద పతకం అక్కర్లేదు.

ఇనుము_అనంతపురం (అనంతపురం)
పదకొండేళ్లుగా బరువులు ఎత్తుతున్నాను, రెండొందల మందికి పైగా నేర్పాను. కాబట్టి తెలిసి చెప్తున్నాను. అక్కా, తిండి తగ్గించి నడక మాత్రమే చేస్తే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. కాళ్ల వణుకు అందుకే. పైగా 78 కిలోల ఒంటికి సరిపోయిన లెక్క 71కి సరిపోదు, తేలికైన ఒంటికి ఖర్చు తక్కువ.

రోజు విడిచి రోజు, వారానికి మూడు రోజులు. ముందు బరువులు, తర్వాత నడక. నడిచి అలిసిపోయాక ఎత్తితే పట్టు తప్పుతుంది. బస్కీలు, గోడకు ఆని దండీలు, ముందుకు వంగి రెండు చేతులతో బరువును పొట్ట వైపు లాగడం, తుంటి దగ్గర వంగి బరువు లేపడం, బరువును తల పైకి నెట్టడం. ఒక్కోటి 8 నుంచి 12 సార్లు, మూడు విడతలు. ప్రతి విడతలో చివరి రెండు సార్లూ కష్టంగా ఉండాలి. 12 సులువైన రోజు బరువు పెంచాలి. రెండు కిలోల దగ్గరే ఆరు నెలలు ఆగిపోయేవాళ్లని చూశాను, వాళ్ల ఒంట్లో ఏ మార్పూ రాలేదు. కిలో కండ పెరిగితే ఊరికే కూర్చున్నా రోజుకు వంద క్యాలరీలు కరుగుతాయి.

ఇంకొకటి. సాయంత్రం గుప్పెడు బుడ్డలు తిని ప్రొటీన్ అయిపోయిందనుకోవద్దు. బుడ్డలు కొవ్వు, ప్రొటీన్ కాదు. మన జిల్లాలో పొట్టలకు సగం కారణం అవే.

బుడ్డల_చేను (అనంతపురం)
సగం కారణం అవేనా? ఎవరు లెక్కపెట్టారు? వంద గ్రాముల బుడ్డల్లో 25 గ్రాముల ప్రొటీన్ ఉంది. వంద గ్రాముల కోడిగుడ్డులో 13. మా నాన్నకు 70 ఏళ్లు. ఉడకబెట్టిన బుడ్డలు, సంగటి తిని ఇప్పటికీ మూట భుజానికెత్తుతాడు, పొట్ట అన్నదే లేదు. వాన రాక, వచ్చినా ధర రాక ఈ పంటతో మేము పడే అవస్థ మీకు తెలుసు. అనంతపురంలో పుట్టినవాడు కూడా వీటిని తినొద్దంటే ఇంకెవరు తింటారు?

ఇనుము_అనంతపురం
తినొద్దని నేననలేదు. 25 ప్రొటీన్ రాశావు, పక్కనే ఉన్న 49 గ్రాముల కొవ్వు ఎందుకు రాయలేదు తమ్ముడూ? వంద గ్రాములకు 567 క్యాలరీలు. అదే 25 గ్రాముల ప్రొటీన్ కోడి రొమ్ము మాంసంలో 130 క్యాలరీల చిల్లరకే వస్తుంది. అక్క బరువు తగ్గాలనుకుంటోంది, బస్తాలు మోయబోవడం లేదు.

బుడ్డల_చేను
నన్ను తమ్ముడూ అనొద్దు, నాకు 44. అక్క మాంసం తింటుందో లేదో అడిగావా? బస్తాలు మోయడం తక్కువ పనా? నువ్వు జిమ్‌లో చేసేది అదే కదా, డబ్బు కట్టి.

పాలకొండ_గాలి (కడప)
బుడ్డలు అంటే వేరుశెనగే కదా? మా కడపలో చెనిక్కాయలు అంటాం. కాసేపు అర్థం కాలేదు.

బుడ్డల_చేను
అదే అన్నా. మీరు ఏమని పిలిచినా తినండి చాలు.

నంద్యాల_రోడ్డు (కర్నూలు)
ముందు బరువులు, ముందు బరువులు అని అందరూ చెప్తున్నారు, ఎవరు నేర్పుతారో చెప్పడం లేదు. నేను కర్నూల్లో ఒక జిమ్‌లో చేరాను. మొదటి రోజే 60 కిలోల డెడ్‌లిఫ్ట్, అంటే నేల మీది బరువు వంగి లేపడం. నడుము వంగిపోతోందన్నా, "మగాడివి కాదా" అన్నాడు ట్రైనర్. నాలుగో విడతలో నడుములో ఏదో పట్టేసింది. రెండు నెలలు బండి నడపలేకపోయాను. కట్టిన ఏడాది ఫీజు తిరిగివ్వలేదు. పైగా 3,400 రూపాయల ప్రొటీన్ పొడి డబ్బా అంటగట్టాడు, దాని మీద లైసెన్స్ నంబరే లేదు. ఇప్పటికీ బరువైన వస్తువు వంగి తీయాలంటే ఒళ్లు జలదరిస్తుంది. అక్కా, ఎవరేం చెప్పినా మొదటి నెల ఖాళీ చేతులతోనే చేయండి.

ఇనుము_అనంతపురం
అది ట్రైనర్ తప్పు, డెడ్‌లిఫ్ట్ తప్పు కాదు. నా దగ్గర అలా ఒక్కరికీ జరగలేదు.

నంద్యాల_రోడ్డు
అన్నా, నడుము నాది. తప్పెవరిదైతే నాకేం?

కీళ్ల_పని (కర్నూలు)
ఫిజియోథెరపీలో 14 ఏళ్లుగా పని చేస్తున్నాను. మేడం మోకాలి గురించి అడిగి ఇన్ని పోస్టులైంది, ఒక్కరూ జవాబు చెప్పలేదు. నొప్పి, వాపు లేకుండా వట్టి శబ్దమే వస్తే భయపడాల్సిన పని లేదు, చాలామందికి వస్తుంది. నొప్పి ఉంటే, వాస్తే, పట్టేసినట్టు ఆగిపోతే తప్పకుండా చూపించుకోండి. బస్కీలు కుర్చీతో మొదలుపెట్టండి. కుర్చీ మీద మెల్లగా కూర్చోవాలి, ధడాలున పడకూడదు. చేతులు ఊతం లేకుండా లేవాలి. మోకాలు లోపలికి వాలిపోకుండా కాలి వేళ్ల వైపే ఉండాలి. పది సార్లు సులువైతే కుర్చీ కంటే తక్కువ ఎత్తు బల్ల తీసుకోండి. తొడ కండ గట్టిపడితే మోకాలికి మేలే.

ఇనుము గారూ, కిలో కండకు వంద క్యాలరీలన్నది తప్పు. విశ్రాంతిలో కిలో కండ రోజుకు ఖర్చు చేసేది 13 క్యాలరీలకు అటూ ఇటూ. ఆ ఆశతో చేసినవాళ్లు నెలకే మానేస్తారు. కండ కావాల్సింది మెట్లెక్కడానికి, పడిపోకుండా ఉండడానికి, తగ్గే బరువు కొవ్వులోంచే తగ్గడానికి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో కూడా వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మాదిరి శ్రమ, దానికి తోడు కనీసం రెండు రోజులు కండ బలపడే వ్యాయామం అని ఉంది. ఒకటి ఉంటే రెండోది వద్దని లేదు. బురుజు సార్, ఇది మీకూ వర్తిస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకు ఇంకా మంచిది, రక్తంలోని చక్కెరను ఎక్కువగా వాడుకునేది కండే.

బుడ్డల గొడవకు నా మాట: ఇద్దరి అంకెలూ సరైనవే. రోజుకు 30 గ్రాములు (ఉడకబెట్టక ముందు తూకం) తింటే ఏడెనిమిది గ్రాముల ప్రొటీన్, 170 క్యాలరీలు. ఉడకబెట్టినవి తినండి, నూనెలో వేయించినవి వద్దు. అవి మాత్రమే తిని సరిపెట్టుకోలేరు, అవి మానేయాల్సిన అవసరమూ లేదు.

ఇనుము_అనంతపురం
వంద అని నాకు నేర్పినవాళ్లు చెప్పారు, నేనూ ఇన్నాళ్లూ అందరికీ అదే చెప్పాను. 13 అయితే 13. సరిచేసుకుంటాను. పొట్టల మాట కూడా నేను తూలి అన్నాను.

బుడ్డల_చేను
సరే అన్నా. ఆ మాట చాలు.

రాతి_గుండు (అనంతపురం)
మా ఊళ్లో గుడి ముందు గుండ్రాయి ఒకటి ఉండేది. ఉగాదికి కుర్రాళ్లు దాన్ని మోకాలి దాకా, ఛాతీ దాకా, భుజం మీదకీ ఎత్తేవాళ్లు. మా తాత భుజం మీద పెట్టుకుని గుడి చుట్టూ తిరిగేవాడట. రోడ్డు వేసినప్పుడు దాన్ని ఎక్కడ పూడ్చారో ఎవరికీ తెలియదు. జిమ్‌లో ఇనుము చూసినప్పుడల్లా నాకు ఆ రాయి గుర్తొస్తుంది. దండీలు, బస్కీలు మనకు కొత్త కావు, నడుమ మనమే వదిలేశాం.

పాలకొండ_గాలి
మీ ఊళ్లో ఆడవాళ్లు కూడా ఎత్తేవాళ్లా?

రాతి_గుండు
గుండు ఎత్తలేదు. కానీ మా అవ్వ నెత్తిన రెండు, చంకన ఒకటి నీళ్ల బిందెలతో అరమైలు నడిచేది. దాన్ని ఎవరూ బలం అనలేదు.

కడప_డాబా
ఈ మాట చదివి నాకు కళ్లలో నీళ్లొచ్చాయి అన్నా.

రాత్రి_షిఫ్ట్ (కర్నూలు)
ఈ ఎండల్లో ఎప్పుడు చేయాలో ఎవరైనా చెప్పండి. మా ఇల్లు రేకుల ఇల్లు. 43 డిగ్రీల రోజున రాత్రి పదికి కూడా నేల కాలుతూనే ఉంటుంది. నిన్న పది బస్కీలకే కళ్లు తిరిగాయి.

కీళ్ల_పని
కళ్లు తిరిగితే ఆపేయాలి, పంతం వద్దు. తెల్లవారి ఆరు లోపు చేయండి. నైట్ షిఫ్ట్ అయితే ఇంటికి రాగానే, పడుకునే ముందు. 20 నిమిషాలు చాలు. మజ్జిగలో చిటికెడు ఉప్పేసుకుని తాగండి, బీపీ లేకపోతేనే సుమా.

బురుజు_వాకర్
కుర్చీ పద్ధతి ఈ ఉదయం చేసి చూశాను. ఆరు సార్లకే తొడలు మండాయి. ఏడాదిన్నరగా రోజూ నడుస్తున్న కాళ్లు ఇవి. కడప తల్లీ, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కడప_డాబా
చాలా సంతోషం సార్. రేపు నొప్పులు వస్తాయి, ఎల్లుండి ఇంకా ఎక్కువ ఉంటాయి. రెండు మూడు రోజుల్లో పోతాయి. దానికి మానేయకండి.

తుంగభద్ర_గట్టు
మూడు వారాల తర్వాత వస్తున్నాను, పేపర్లు దిద్దే పనిలో ఉండిపోయాను. జిమ్‌లో చేరలేదు, నంద్యాల_రోడ్డు తమ్ముడి అనుభవం చదివాక ధైర్యం చాలలేదు. సోమ, బుధ, శుక్ర ఇంట్లోనే, మిగతా రోజులు నడక. ఎనిమిది సార్లు చేశాను, ఒకరోజు జ్వరంతో మానేశాను. కుర్చీ బస్కీలు 7 నుంచి 12కి వచ్చాయి. మోకాలు ఇంకా టక్కుమంటుంది, నొప్పి లేదు. బరువు 71.6, అంటే పెరిగింది. కడప చెల్లి ముందే చెప్పకపోతే ఈపాటికి మానేసేదాన్ని. నడుము ఒక సెంటీమీటరు తగ్గింది. నిన్న రెండో అంతస్తుకు పుస్తకాల కట్ట పట్టుకుని ఎక్కాను, మధ్యలో ఆగలేదు. ఉదయం రెండు గుడ్లు, మధ్యాహ్నం గట్టిపప్పు, రాత్రి రొట్టెలోకి మీల్‌మేకర్ కూర. సాయంత్రం ఉడకబెట్టిన బుడ్డలు, కొలిచి. రోజుకు ఎన్ని గ్రాముల ప్రొటీన్ కావాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

కీళ్ల_పని
హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో మామూలుగా కిలో బరువుకు 0.83 గ్రాములు, మీకు 59 అవుతుంది. బరువు తగ్గుతూ బరువులు ఎత్తేవాళ్లు 1.2 నుంచి 1.6 దాకా తీసుకుంటే మేలు, అంటే 85 గ్రాముల నుంచి. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం డాక్టర్ని అడగకుండా పెంచకండి. పెరుగు కలుపుకోండి, మీల్‌మేకర్ కొంచెం పెంచండి.

తుంగభద్ర_గట్టు
థాంక్స్ సార్. రెండు లీటర్ల నీళ్ల సీసాలు సులువైపోయాయి. డంబెల్స్ కొనాలి. మూడు కిలోలవా, ఐదు కిలోలవా?

ఇనుము_అనంతపురం
ప్లేట్లు మార్చుకునే రకం కొనండి అక్కా. రెండు నెలల్లో మూడు కిలోలవి చాలవు.