ఇటలీలో చేసిన 30 ఈసీటీఎస్‌లను (యూరప్ యూనివర్సిటీల క్రెడిట్లు) ఇక్కడ మా కాలేజీలో 15 క్రెడిట్లుగానే లెక్కిస్తున్నారు, ఏం చేయాలి?

నాది హైదరాబాద్, బీటెక్ మెకానికల్. మూడో ఏడాది మొదటి సెమిస్టర్ ఎరాస్మస్ ప్లస్ (యూరోపియన్ యూనియన్ స్టూడెంట్ ఎక్స్ఛేంజ్ పథకం) కింద ఇటలీలో చేశాను. 5 సబ్జెక్టులు, ఒక్కోటి 6 ఈసీటీఎస్, అన్నీ పాస్. ట్రాన్స్‌క్రిప్ట్ కూడా వచ్చింది. వెళ్లేముందు లెర్నింగ్ అగ్రిమెంట్‌పై మా కాలేజీ, అక్కడి యూనివర్సిటీ, నేను సంతకాలు చేశాం. అందులో ఆ సబ్జెక్టులకు బదులుగా ఇక్కడి 20 క్రెడిట్లు అని స్పష్టంగా ఉంది.

ఇప్పుడు ఎగ్జామ్ బ్రాంచ్ వాళ్లు క్లాసు గంటలే చూస్తామంటున్నారు. ఒక్కో సబ్జెక్టుకు 48 గంటలు, 15 గంటలకు ఒక క్రెడిట్, అంటే మూడే. మొత్తం 15. మిగతా 5 క్రెడిట్లకు జూనియర్లతో కూర్చుని పరీక్షలు రాయాలట!

ఇటలీలో ఒక ఈసీటీఎస్ అంటే 25 గంటల పని. క్లాసుతో పాటు సొంతంగా చదివేది, ప్రాజెక్టు అన్నీ అందులోనే. ఏడాది చదువుకు అక్కడ 60 ఈసీటీఎస్, మన దేశంలో క్రెడిట్ల లెక్క చెప్పే నేషనల్ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్‌లో 40 క్రెడిట్లు. ఆ లెక్కన 30కి 20 రావాలి. ఈసీటీఎస్ యూజర్స్ గైడ్ ప్రింట్ తీసి ఇచ్చాను, పక్కన పెట్టేశారు. హెచ్‌ఓడీ గారు నా వైపే ఉన్నారు కానీ ఆయన లెటర్ కూడా పనిచేయలేదు. అక్కడి ఇంటర్నేషనల్ ఆఫీసుకు మెయిల్ చేస్తే, క్రెడిట్లు మార్చుకోవడం మీ కాలేజీ పని అన్నారు. మార్కుల మార్పిడి గొడవ వేరే ఉంది, అది తర్వాత.

ఇలాంటి పరిస్థితి నుంచి బయటపడ్డవాళ్లు చెప్పండి: మీ ఎగ్జామ్ బ్రాంచ్ చివరికి ఏ పత్రం చూసి ఒప్పుకుంది?