సమస్య: "మూడు నాలుగు కలిసిన మొత్తమైదు"

నిర్వాహకుడు:
ఈసారి సమస్య తేటగీతి పాదం. లంబకోణ త్రిభుజంలో భుజాలకున్న సంబంధమే (పైథాగరస్ సిద్ధాంతం) పూరణకు ఆధారం కావాలి. మూడూ నాలుగూ కలిస్తే ఏడని అందరికీ తెలుసు కనుక, "కలిసిన", "మొత్తము" అన్న రెండు మాటలకూ సమర్థన చూపిన పద్యాన్నే పూర్తి పూరణగా పరిగణిస్తాం.

పాత కలం:
భుజము కోటియు లంబమై పొసగు చోట
వాని వర్గముల్ గలిపిన వచ్చు దాని
మూలమే కర్ణ మగుటచే మూలకడను
మూడు నాలుగు కలిసిన మొత్తమైదు

లెక్కల మాస్టారు:
యతులన్నీ కుదిరాయి. భుజము, కోటి (లంబంగా కలిసే రెండు భుజాలు), కర్ణము (లంబకోణానికి ఎదుటి భుజం) అనే మన గణితగ్రంథాల పరిభాషను వాడడం, వర్గమూలాన్నీ గోడమూలనూ ఒకే పాదంలో ఇమడ్చడం ముచ్చటగా ఉన్నాయి. అయితే ఇక్కడ కలిసినవి 9, 16; మొత్తం 25. ఐదు ఆ మొత్తానికి మూలమే తప్ప మొత్తం కాదు. సూత్రాన్ని పద్యం చక్కగా చెప్పింది గాని సమస్యలోని చిక్కుముడి సగమే విడింది.

శుల్బప్రియ:
శుల్బసూత్రాల వేదిక జూచి కొలువ
తాడు చదరాల రెంటిని దాచుకొనును
తొమ్మిదియు పదియారును తోడుపడగ
మూడు నాలుగు కలిసిన మొత్తమైదు

లెక్కల మాస్టారు:
దీర్ఘచతురస్రపు రెండు భుజాలు విడివిడిగా ఏర్పరచే వైశాల్యాలను దాని కర్ణపు తాడు ఒక్కటే ఏర్పరుస్తుందని, యజ్ఞవేదికల కొలతలు చెప్పే ప్రాచీన గ్రంథమైన బౌధాయన శుల్బసూత్రం చెబుతుంది. 3–4తో పాటు 5–12, 8–15, 7–24 వంటి జంటలను ఉదాహరిస్తుంది. అంత చక్కని విషయాన్ని ఎత్తుకొని, ఆ తాడు కర్ణం వెంబడి పరచినదని చెప్పకపోతే ఎలా? తెలియని పాఠకుడు ఏ తాడని పట్టుకోవాలి?

కొత్త కలం:
మేస్త్రి దారము బిగియించె మేకులందు
నొక్క వైపున మూడు, వేరొక్క వైపు
నాల్గు గుర్తుంచి కొలువ కర్ణంబు దొరకె
మూడు నాలుగు కలిసిన మొత్తమైదు

లెక్కల మాస్టారు:
రెండవ పాదంలో "నొక్క – రొక్క" ప్రాసయతి, మూడవ పాదంలో నకార ణకారాల యతి రెండూ సమ్మతమే. నా అభ్యంతరం లెక్క నడిచిన దిశ మీద. మేస్త్రికి కావలసింది కర్ణం కాదు, మూల. ఒక దారం మీద 3 అడుగులు, రెండవ దారం మీద 4 అడుగులు గుర్తు పెట్టి, ఆ గుర్తుల నడుమ టేపు పట్టినప్పుడు 5 అడుగుల కంటె తక్కువ వస్తే మూల లోపలికి ముడుచుకున్నదని దారాన్ని బయటికి జరుపుతాడు, ఎక్కువ వస్తే లోపలికి లాగుతాడు, సరిగ్గా ఐదు వస్తేనే మూలమట్టం కుదిరిందంటాడు. ఇది సిద్ధాంతం కాదు, దాని విపర్యయం, అంటే భుజాలు ఆ లెక్కకు సరిపోతే మూల లంబకోణమని తిరగేసి చెప్పడం. కొలతలో ఒక్క అంగుళం తేడా వచ్చినా మూల దాదాపు 2 డిగ్రీలు తప్పుతుంది. అదే 6–8–10 అడుగులతో కొలిస్తే ఆ అంగుళానికి తప్పేది ఒక డిగ్రీయే కనుక, చోటుంటే పెద్ద కొలతలే మేలు.

కొత్త కలం:
మాస్టారూ, మీ మాట ప్రకారం మూడవ పాదాన్ని ఇలా మారుస్తున్నాను:
నాల్గు పెట్టి, యైదైనచో నమ్మె మూల

లెక్కల మాస్టారు:
ఇప్పుడు పని దారిలో పడింది. "నమ్మె" అన్న క్రియ నాకు బాగా నచ్చింది.

బాటసారి:
తూర్పు దిశ మూడు మైళ్లను తొలుత నడచి
యుత్తరమునకు నాలుగు నోపి నడువ
మొదట నిల్చిన చోటికి ముక్కుసూటి
మూడు నాలుగు కలిసిన మొత్తమైదు

పాత కలం:
నడిచినది ఏడు మైళ్లే కదా? అలసిన కాళ్లు ఐదని ఒప్పుకుంటాయా?

బాటసారి:
కాళ్ల లెక్క ఏడే, అయ్యా. నేను చెప్పినది స్థానభ్రంశం, అంటే బయలుదేరిన చోటి నుంచి చేరిన చోటికి దిశతో సహా నేరు దూరం. దిశ గల రాశులను సదిశలంటాం. వాటి సంకలనంలో మూడూ నాలుగూ ఒకే దిశలో ఉంటే మొత్తం ఏడు, ఎదురెదురుగా ఉంటే ఒకటి, నడుమ కోణం 60 డిగ్రీలైతే 37కు వర్గమూలం, అంటే ఆరుకు కాస్త పైన. లంబంగా ఉన్నప్పుడే సరిగ్గా ఐదు. అందుకే రెండు దిక్కులనూ పేరు పెట్టి చెప్పాను.

నిర్వాహకుడు:
వర్గాలను మధ్యలోకి తీసుకురాకుండా, మూడునూ నాలుగునూ నిజంగానే కలిపి, వచ్చిన ఐదును నిజంగానే మొత్తమని చూపిన పూరణ ఇదొక్కటే. "ముక్కుసూటి" అన్న మాట లేకపోతే పాత కలం గారి ఆక్షేపణ నిలిచేది. ఆ ఒక్క మాట నడిచిన దూరాన్నీ నేరు దూరాన్నీ వేరుచేసింది. "ఓపి" మాత్రం యతి కోసం వచ్చినట్టే ఉంది, నాలుగు మైళ్లకు అంత ఓపిక అక్కరలేదు. అయినా ఈ వారం మొదటి స్థానం బాటసారి గారిదే.