నవలలో వానా పిట్టా తప్పు రాస్తే, ఆ నవలను నమ్మాలా?

సత్రం ఆడపడుచు (నెల్లూరు)

పోయిన నెల ఒక నవలను సగంలో మూసేశాను. పేరు చెప్పను. కథ మా పక్కదే. ఒక టీచరమ్మ, ఆమె తమ్ముడు, నీళ్ల దగ్గర మొదలైన పొలం తగాదా. అన్నం ముందు కూర్చుని అక్కాతమ్ముళ్లు మాట్లాడుకోని ఒక రాత్రి ఉంటుంది, అది చదువుతుంటే నాకు గొంతు పట్టేసింది. ఆ తర్వాత కథ జూన్ నెలకొచ్చింది. తొలకరి కురిసి చెరువు నిండిందట, గూడబాతులు (పెలికాన్లు) కూస్తూ గూళ్లకు చేరాయట.

మా దిక్కున జూన్‌లో చెరువు నిండదండీ. అడుగు బీటలు తీసి ఉంటుంది. మాకు వాన అంటే ఈశాన్యం వానే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. దీపావళి టపాకాయలు ఎండబెట్టుకోవడానికి ఎండ దొరికిన ఏడు మాకు గుర్తుండిపోతుంది. నేను పుట్టింది దొరవారిసత్రం దగ్గర. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు మా మండలం తిరుపతి జిల్లాలోకి పోయింది కానీ మా మాట, మా వాన నెల్లూరివే. గూడబాతులు మా దగ్గరి నేలపట్టు చెరువుకు వచ్చేది ఆ వాన నీళ్ల కోసమే. చెరువులో నీటికడప చెట్ల మొదళ్లు మునిగాక వాటి మీద గూళ్లు కడతాయి.

చిన్నప్పుడు నాన్న నన్ను చెరువు కట్ట మీదికి తీసుకెళ్లేవాడు. పిల్ల పక్షి తల మొత్తం తల్లి ముక్కు కింది సంచిలోకి దూర్చేస్తుంది, మెడ దాకా. మొదటిసారి చూసి, తల్లి పిల్లను మింగేస్తోందని ఏడ్చాను. అది మేత పెట్టించుకుంటోందని నాన్న చెప్పినా నమ్మలేదు, తల బయటికి వచ్చేదాకా. ఇంకో సంగతి, పెద్ద పక్షి దాదాపుగా నోరు విప్పదు. గూళ్ల దగ్గర గోలంతా పిల్లలదే.

ఇన్ని తెలిసిన దాన్ని ఆ పేజీ ఎట్టా దాటాలి? అక్కడి నుంచి టీచరమ్మ ఏడ్చినా నాకు నమ్మబుద్ధి కాలేదు. నాదే అతి అంటారా?

ఒంగోలు మాస్టారు

అమ్మా, అతి అనను, కానీ అన్యాయం అంటాను. నవల పంచాంగం కాదు. ప్రకృతి గురించి రాసిన పుస్తకాలే నిజాన్ని ఉన్నదున్నట్టు పెట్టలేదు. అమెరికా రచయిత థోరో 1845 జులై 4న వాల్డెన్ చెరువు ఒడ్డున కాపురం పెట్టి రెండేళ్ల రెండు నెలలకు పైగా ఉన్నాడు. 1854లో వచ్చిన పుస్తకంలో ఆ రెండేళ్లనూ ఒకే ఏడాదిగా కుదించాడు. అమెరికా రచయిత్రి రేచెల్ కార్సన్ 1962లో పురుగుమందుల మీద రాసిన పుస్తకం మొదలయ్యేదే లేని ఊరితో, పిట్ట కూయని ఊహాపట్నంతో. దాని విలువ తగ్గిందా?

ముప్పయ్యేళ్లు పాఠం చెప్పాను. వర్ణన వస్తే పిల్లలు పేజీలు తిప్పేసేవాళ్లు, మనుషులు వస్తే ఆగేవాళ్లు. మీకు గొంతు పట్టేసిన రాత్రి అబద్ధమా? అది రాయగలిగిన మనిషికి గూడబాతు సంగతి తెలియకపోతే ఏం?

కొత్తపట్నం

అక్క చెప్పింది నిజం. ఒక కథలో మా సముద్రపు ఒడ్డున వరసగా కొబ్బరిచెట్లు పెట్టారు. మాది సరుగుడు తోపు. గాలికి అది చేసే హోరు వింటూ పెరిగినవాడికి కొబ్బరాకు చప్పుడు పెడితే అది పరాయి ఊరే. నిజానికి సరుగుడు కూడా బయటి నుంచి తెచ్చి పెంచిన చెట్టే. అయినా మా చెవికి అదే మాది.

గిద్దలూరు నుంచి

నేను 'వనవాసి' మాట చెప్పాలి. విభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ బెంగాలీ నవల, సూరంపూడి సీతారాం తెలుగులో. అడవి ఎక్కడో బీహారుది. నేను చదివింది నల్లమల అంచున, కరెంటు లేని రాత్రుల్లో. ఒక్క చెట్టూ నా అడవిది కాదు, అయినా నా అడవే పోతున్నట్టు చదివాను.

కారణం వర్ణన ఒక్కటే కాదు. కథ చెప్పే సత్యచరణ్ ఉద్యోగమే ఆ అడవిని రైతులకు పంచి ఇవ్వడం. ప్రేమించినదాన్ని తన చేత్తోనే నరికిస్తాడు. విభూతిభూషణ్ భాగల్పూరు వైపు ఎస్టేటులో అలాంటి ఉద్యోగం చేసినవాడు. ఆ బాధ చూసి రాసింది.

అందులో యుగళప్రసాద్ ఉంటాడు. ఎక్కడెక్కడి మొక్కలో తెచ్చి, తనది కాని అడవిలో నాటుతాడు, ఎవరూ అడగకపోయినా. ఈ రోజుల్లో బయటి మొక్కలు అడవిలో పెట్టకూడదని అంటాం. మా బీళ్లను కమ్మేసిన చిల్లకంప చూసినవాడిగా నేనూ ఆ మాటే అంటాను. కానీ యుగళప్రసాద్ మీద నాకు కోపం రాదు. కాబట్టి తప్పు అన్న ఒక్క మాటతో నవలను తూచలేం.

సత్రం ఆడపడుచు

మాస్టారూ, కార్సన్ సంగతి మీరు చెప్పినదే నాకు బలం. ఆ ఊరు లేదని ఆమే చెబుతుంది, అక్కడి కష్టాలు మాత్రం ఎక్కడో ఒకచోట జరిగినవేనని కూడా చెబుతుంది. నేను చదివిన నవల అట్టా చెప్పలేదు. ఇది మీ నెల్లూరేనని చెప్పింది.

మీరు గూడబాతు ఒక్కదాన్నే పట్టుకున్నారు. నీళ్ల సంగతి చూడండి. మాకు వేసవి పంట ఎడగారు. దానికి వానను నమ్ముకోం, చెరువులోనో సోమశిల జలాశయంలోనో మిగిలిన నీళ్లే. ఈ ఏడు ఎన్ని ఎకరాలకు ఇస్తారో, ఏ కాలువకు ఇస్తారో సాగునీటి సలహా మండలి మీటింగులో తేలేదాకా రైతుకు నిద్ర ఉండదు. కాలువ చివర ఉన్నవాడికి అందకపోతే, పైన ఉన్న సొంత అక్క పొలం పచ్చగా ఉన్నా కడుపు మండుతుంది. అక్కాతమ్ముళ్లు అన్నం ముందు మాట్లాడుకోకపోవడానికి అసలు కారణం అక్కడ ఉంది! జూన్‌లో వాన కురిపించేసరికి నీళ్ల కరువే లేకుండా పోయింది. ఇక తగాదా దేనికి? అందుకే ఆ తర్వాత తమ్ముణ్ణి తాగుబోతును చేయాల్సి వచ్చింది. పిట్టను చూసి ఉంటే రచయితకు మనుషులు కూడా ఇంకా బాగా దొరికేవాళ్లు.

ఒంగోలు మాస్టారు

తమ్ముణ్ణి తాగుబోతును చేశారన్న సంగతి ముందు చెప్పలేదు మీరు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. వర్ణన వేరు, కథ వేరు అని పిల్లలకు చెబుతూ వచ్చాను. ఈ నవలలో మాత్రం అట్టా విడదీయలేను.

అయినా ఒక్కటి అడుగుతాను. మిగతా సగం చదవకుండానే తీర్పు చెబుతారా?

పెన్న ఒడ్డు

మాస్టారి మాటే నాదీ. మైపాడులో మా పెదనాన్న పేజీలో ఒక్క తప్పు కనపడితే పుస్తకం పక్కన పడేసేవాడు. ఎన్ని మంచి పుస్తకాలు పోగొట్టుకున్నాడో.

సత్రం ఆడపడుచు

నిన్న రాత్రి పూర్తి చేశాను మాస్టారూ. చివర్లో టీచరమ్మ తమ్ముడి పొలం గట్టు మీద చెప్పులు విప్పి నిలబడుతుంది. లోపలికి అడుగు పెట్టదు. అక్కడ ఏడ్చాను. తర్వాత వెనక్కి వెళ్లి జూన్ పేజీ మళ్లీ చదివాను, ఈసారైనా ఒప్పుకుందామని. ఒప్పుకోలేకపోయాను.