రాడార్ ఎత్తుల డేటాలో పింగోను, సరస్సు గట్టును వేరు చేయడం ఎలా?

అమలాపురం నుంచి రాస్తున్నాను. కెనడా ఉత్తర తీరంలోని టుక్టోయక్టుక్ దగ్గర పింగోలను మ్యాప్ చేస్తున్నాను. నేల లోపల నీరు గడ్డకట్టి, ఆ మంచు పైకి నెట్టితే లేచే గుట్టలివి, అక్కడ సుమారు 1,350 ఉన్నాయి. నాసా షటిల్ రాడార్ ఎత్తుల డేటా (ఎస్ఆర్‌టీఎం) 60 డిగ్రీల ఉత్తర అక్షాంశంతోనే ఆగిపోతుంది కాబట్టి, ఐరోపా వాళ్ల కోపర్నికస్ ఎత్తుల డేటా (ఒక్కో పిక్సెల్ 30 మీటర్లు) తీసుకుని, క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో మీటర్లలో కొలిచే యూటీఎం 8 ఉత్తర జోన్‌కి మార్చాను.

ముందు ఇదే పద్ధతిని మా ఊరి మీద చూశాను. వీధి చివరి కొబ్బరితోట పెద్ద దిబ్బలా వచ్చింది, రాడార్ చెట్ల తలల ఎత్తునే కొలుస్తుంది మరి. టుక్టోయక్టుక్ దగ్గరి టండ్రా మంచు మైదానంలో చెట్ల గొడవ లేదు, పని సులువనుకున్నాను.

ప్రతి పిక్సెల్ ఎత్తులోంచి చుట్టూ 600 మీటర్ల వృత్తంలోని మీడియన్ (మధ్యస్థ) ఎత్తు తీసేసి, 5 మీటర్లు దాటినవి ఉంచాను. అక్కడి పెద్ద పింగో, 49 మీటర్ల ఇబ్యుక్ చక్కగా దొరికింది. కానీ సరస్సుల నిటారు గట్లన్నీ పింగోలుగా వచ్చేశాయి. వృత్తం 300 మీటర్లకు తగ్గిస్తే ఇబ్యుక్ పాదమే తెగిపోతోంది. డేటాతో వచ్చే నీటి మాస్క్ (నీరున్న పిక్సెళ్లను చూపే పొర) చుట్టూ 100 మీటర్లు తీసేస్తే అసలు పింగోలూ పోతున్నాయి, ఎందుకంటే అవి చాలావరకు ఎండిన సరస్సు గుంటల్లో, మిగిలిన మడుగు పక్కనే ఉంటాయి. గుండ్రదనం కొలుద్దామంటే చిన్నవి రెండు మూడు పిక్సెళ్లే. నాలుగు వారాలుగా ఇక్కడే ఆగిపోయాను.

ఈ 30 మీటర్ల డేటాతోనే, మడుగు పక్క పింగోలు పోకుండా గట్లను మాత్రమే తీసేయడానికి ఏ కొలత వాడాలి?