పిల్లలకు లైంగిక విషయాలు ఎవరు చెప్పాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి?

ప్రశ్న:
మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు, అబ్బాయికి ఆరేళ్ళు. పిల్లలు ఎలా పుడతారని మా వాడు మొన్న అడిగితే, పెద్దయ్యాక నీకే తెలుస్తుందిలే అని మాట దాటేశాను. వాడు వెంటనే అక్క వైపు తిరిగి నీకు తెలుసా అని అడిగాడు. తను తల వంచుకున్న తీరు చూస్తే, ఎక్కడో ఏదో విన్నదనీ, అది పెద్దల దగ్గర ఎత్తకూడని మాట అని కూడా అప్పటికే గ్రహించిందనీ అనిపించింది. ఇవి బడిలో చెప్పవలసిన పాఠాలని మావారి అభిప్రాయం. ముందే చెబితే లేనిపోని ఆసక్తి పుట్టించినవాళ్ళమవుతామేమోనని నా భయం. దయచేసి సలహా ఇవ్వగలరు.

మొదటి జవాబు:
నేను పిల్లల వైద్యురాలిని. ముందు మీ అమ్మాయి సంగతి చూడండి. యౌవన లక్షణాలు సాధారణంగా ఆడపిల్లల్లో 8 నుంచి 13 ఏళ్ళ మధ్య, మగపిల్లల్లో 9 నుంచి 14 ఏళ్ళ మధ్య మొదలవుతాయి. రొమ్ములు పెరగడం మొదలైన రెండు మూడేళ్ళకు గాని తొలి రుతుస్రావం రాదు కాబట్టి తల్లికి కావలసినంత వ్యవధి ఉంటుంది. అయినా ఆ వ్యవధి సిగ్గుతోనే గడిచిపోగా, రక్తం చూసి తమకేదో పెద్ద జబ్బు చేసిందనుకుని రోజుల తరబడి దాచుకున్న పిల్లలను నేను చూశాను. మగపిల్లలకు స్వప్నస్ఖలనం (నిద్రలో వీర్యం బయటికి రావడం) గురించి చెప్పేవారైతే ఇంకా అరుదు.

మీ అబ్బాయికి చెప్పవలసింది చాలా కొద్ది. అమ్మ కడుపులో గర్భసంచి ఉంటుందనీ, అమ్మ శరీరంలోని ఒక కణమూ నాన్న శరీరంలోని ఒక కణమూ కలిస్తే అందులో పాప పెరుగుతుందనీ చెబితే ఆ వయసుకు సరిపోతుంది. ఇంకా అడిగితే ఇంకొంత చెప్పండి.

రెండవ జవాబు:
పునరుత్పత్తి పాఠం రాగానే మీరే చదువుకోండి అని పేజీలు తిప్పేసిన ఉపాధ్యాయుల్లో ఒకప్పుడు నేనూ ఒకణ్ణి. తరువాత, పేరు రాయకుండా ప్రశ్నలు చీటీల మీద వేయమని ఒక పెట్టె పెట్టాను. నేను భయపడిన ప్రశ్నలు అందులో కొద్దిగానే వచ్చాయి. నా ఎదుగుదల అందరిలాగే ఉందా అన్న బెంగే అన్నిటికంటె ఎక్కువగా కనిపించింది. ఆసక్తి పుడుతుందన్న మీ భయానికి పరిశోధనల్లో ఆధారం లేదు. ఐక్యరాజ్యసమితి విద్యా సంస్థ యునెస్కో లైంగిక విద్య మీద 2018లో సవరించిన మార్గదర్శకాల్లో బోధనాంశాలు 5 ఏళ్ళ వయసు నుంచే మొదలవుతాయి. ఇటువంటి బోధన పిల్లలను తొందరపడి లైంగిక సంబంధాల్లోకి దించదని అందులో సమీక్షించిన అధ్యయనాలు తేల్చాయి. స్వీడన్ 1955లోనే దీన్ని బడుల్లో తప్పనిసరి చేసింది. కాబట్టి మీవారి మాటలో న్యాయం ఉంది.

మూడవ జవాబు:
బడి అవసరమే కాని, పాఠం వచ్చేదాకా ఆగితే కుదరదు. ఒంటి మీది అవయవాలకు ముద్దుపేర్లు పెట్టి అసలు పేర్లను దాచిన ఇళ్ళలో, ఎవరైనా తప్పుగా తాకినా ఆ సంగతి చెప్పడానికి పిల్లల దగ్గర మాట ఉండదు. కొత్తవాళ్ళతో జాగ్రత్త అని మాత్రమే నేర్పుతాం కాని, పిల్లల మీద అఘాయిత్యాలు చేసేవారిలో ఎక్కువమంది వారికి తెలిసినవాళ్ళే. ఎవరికీ చెప్పకు అని ఎవరైనా అంటే ఆ మాటే ముందు వచ్చి మాకు చెప్పాలి అన్న నియమాన్ని మా పిల్లలకు నాలుగేళ్ళప్పుడే నేర్పాం. బంధువులకు ముద్దు పెట్టడం ఇష్టం లేదంటే బలవంతపెట్టడమూ మానుకున్నాం. దీని మీద మాకు కొన్ని నిష్ఠూరాలు తప్పలేదు.

ఇంకొక మాట: మీ అబ్బాయితో మీవారు కూడా మాట్లాడాలి. తండ్రి నోరు విప్పని విషయాన్ని కొడుకు ఫోనులో వెతుక్కుంటాడు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. గర్భసంచి సంగతి చెబితే మా వాడు, అంత చోటు సరిపోతుందా అని అడిగి, అది సాగుతుందనగానే బొమ్మల దగ్గరికి వెళ్ళిపోయాడు. అమ్మాయితోనే ఎలా మొదలుపెట్టాలో తోచడం లేదు. ఎక్కడ విన్నావని ముందు అడగాలా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
అలా అడిగితే విచారణలాగా ఉంటుంది. ఆ రోజు తమ్ముడికి నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను అని మీ తడబాటుతోనే మొదలుపెట్టండి. ఎదురెదురుగా కూర్చోబెట్టకుండా, ఏదైనా పని చేసుకుంటూ మాట్లాడితే తనకు సులువుగా ఉంటుంది.